నూట నలభైలో నడక

మాస్టరు నిద్రపోతున్నాడని, నాలుగింటికి గాని లేవడని ఆయన కోడలు విజయ గడప దగ్గరే చెప్పింది. "కూచో వదినా. మధ్యలో లేపితే మామ కసురుకుంటాడు" అని మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి, ఆరేసిన బట్టలు తీయడానికి దొడ్లోకి పోయింది. గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. ఫెబీ వసారాలో చల్లటి నల్ల బండల మీద చతికిలబడి గోడకు వీపు ఆనించింది. గిద్దలూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన గిటారును సంచిలోంచి తీసి, రెండో మెట్టు మీద, తీగల్ని నొక్కిపట్టి శ్రుతి పెంచే కేపో బిగించి, ఎడమ అరచేతిని తీగల మీద అడ్డంగా పరిచి మోత రాకుండా నొక్కి, కుడిచేతిలో తీగ మీటే పిక్‌తో కింది తీగను గీకింది. టిక, టిక, టిక, టిక. బల్లి నాలుక చప్పరించినంత చప్పుడు. ఇంకో గంట. ఇంకో గంటలో ఈయన లేస్తాడు, ఆ బిట్టు వింటాడు, ఔనంటాడు లేదా కాదంటాడు. ఔనంటే రేపు సాయంత్రం మార్కాపురం క్రైస్తవ మహాసభల్లో, మొదటి పాటకు ముందు, రెండు వేల మంది ఎదుట తను ఒక్కతే నిలబడి వాయించాలి. కాదంటే ఏటా మాదిరిగానే కీబోర్డులో నింపి పెట్టిన బిట్టు దానంతట అది మోగుతుంది, తను కోరస్‌లో వెనక వరుసలో నిలబడుతుంది. కమిటీలో మధుసూదనన్న తేల్చి చెప్పాడు: "నువ్వు వాయిస్తానంటే మాకేం అడ్డం లేదమ్మా, కాని అది మాస్టరు బిట్టు. ఆయన నోటితో సరే అనాల."

పెద్దదేమీ కాదు ఆ బిట్టు, నిమిషం కూడా ఉండదు. మాటలు లేవు, డోలక్ లేదు, తాళం పట్టేవాళ్ళు లేరు. ఒక్క గిటారు కింది స్వరం దగ్గర మొదలై, నాలుగేసి స్వరాల చొప్పున మెట్టు మీద మెట్టు ఎక్కి, రేకుల షెడ్డు మీద వడగళ్ళ వాన పడ్డట్టు ఎక్కడా తెగకుండా పోయి పోయి, చివర ఒక్క దెబ్బతో ఆగుతుంది. ఆగిన చోట పాట ఎత్తుకుంటారు. నతానియేలు మాస్టరు కట్టిన బిట్టు, నతానియేలు మాస్టరు వాయించిన బిట్టు, ఆయన వేళ్ళకు వాతం వచ్చి బిగుసుకుపోయిన తర్వాత ఇంకే మనిషీ వాయించని బిట్టు. ఫెబీ దాన్ని ఆయన చేత్తో విన్నది ఒకే ఒక్కసారి, పదకొండేళ్ళ వయసులో, సభలో ముందు వరుసలో పట్టా మీద కూర్చొని. ఏం విన్నదో గుర్తు లేదు, అయిపోయినాక ఒళ్ళంతా జలదరించిందే గుర్తు. కళ్ళు మూసి తెరిచేలోపల అయిపోయినట్టు గుర్తు. పిల్లలకు అన్నీ అంతే కదా, అప్పుడు పెద్దవిగా కనపడ్డ గుట్టలన్నీ ఇప్పుడు చూస్తే మట్టిదిబ్బలు. కాని క్యాసెట్ ఉంది. ఆ ఏడు సభలను ఎవరో టేపురికార్డరులో పట్టి, కాపీలు తీసి ఊరూరా పంచారు. నాయన లారీలో ఒకటి ఉండేది. కొమరోలు నుంచి కడప దాకా, కడప నుంచి కొమరోలు దాకా అదే క్యాసెట్. అరిగిపోకముందే భర్త రాజ్ కుమార్ దాన్ని ఫోన్లోకి ఎక్కించి పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఫెబీకి గురువు ఆ క్యాసెట్టే.

ఎందుకంటే మనిషి గురువు, నతానియేలు మాస్టరు కాదు, ఇంకొకాయన, ఒక మాట అనేశాడు. ఆమెకు పదహారేళ్ళప్పుడు, గిద్దలూరు చర్చిలో శనివారం శనివారం నేర్పడానికి వచ్చేవాడు. నాలుగు నెలలు చూసి, ఒకరోజు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకొని, మణికట్టు అటూ ఇటూ వంచి, "నీది నడిచే చెయ్యి పాపా. ఉరికే చెయ్యి కాదు" అన్నాడు. తిట్టినట్టు కాదు. జొన్న చేను చూసి ఇది జొన్న అన్నట్టు. తిట్టి ఉంటే మర్చిపోయేది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, బస్టాండు ఎదురుగా డీటీపీ దుకాణంలో కూర్చొని దరఖాస్తులు కొడుతూ పదిహేనేళ్ళు గడిచాయి, ఆ మాట మాత్రం మణికట్టులోనే కూర్చుంది.

పక్క సందులో పలకల ఫ్యాక్టరీ రంపం మొదలైంది. రాయిని తాకేదాకా సన్నగా ఈల, తాకగానే గొంతు దిగి మోటు గురగుర, రాయి తెగగానే మళ్ళీ ఈల. మోటారు ఒకటే, తిరగడం ఒకటే, వినేవాడికి మాత్రం మూడు రకాలుగా వినపడుతుంది. స్పీడన్నది చెవికి దొరకదు, కంటికి అసలే దొరకదు. నాయన సుందరరాజు చెప్పేవాడు. సెలవుల్లో లారీ కేబిన్లో ఎక్కించుకొని, మీటరు మీద తుండుగుడ్డ కప్పి, "ఎంతలో పోతన్నాం చెప్పు పాపా" అని అడిగేవాడు. నలభై అంటే గుడ్డ ఎత్తేవాడు, అరవై ఉండేది. ఒకసారి నంద్యాల నుంచి గంటసేపు ఎక్కడా ఆగకుండా వచ్చి ఊళ్ళోకి దిగినప్పుడు, "నాయనా, బండి ఆగిపోయింది, ఏమైంది" అని అడిగింది. ఆయన నవ్వి గుడ్డ తీశాడు. ముప్పై అయిదు. "చూసినావా, ఇందాక ఎక్కేటప్పుడు ఇదే ముప్పై అయిదుకి కమ్మీ పట్టుకున్నావు. గంటసేపు ఉరికిన కంటికి ఊరు నిలబడిపోయినట్టు ఉంటది. అప్పుడే గుద్దుతారు జనం. మనసును నమ్మగాకు, ముల్లును నమ్ము."

ఆ మాట పనికొస్తుందని ఇరవై ఏళ్ళ దాకా తెలియలేదు. క్యాసెట్‌ను తాళం కొలిచే యాప్‌లో పెట్టి కొలిస్తే నూట నలభై. సభల్లో కీబోర్డుది అంతకన్నా నిదానమే, కోరస్‌కు అందేట్టు తగ్గించి పెట్టుకున్నారనుకుంది. టిక్కుటిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి నూట నలభై దెబ్బలు, దెబ్బకు నాలుగు స్వరాలు, అంటే నిమిషానికి ఐదు వందల అరవై సార్లు పిక్ తీగను దాటాలి, కిందికి ఒకటి, పైకి ఒకటి. మొదట్లో ఆమె తొంభై దగ్గర మొదలుపెట్టింది. తొంభై ఐదు, నూరు, నూట నాలుగు. మేక చెట్టెక్కినట్టు ఒక్కో అంకె పైకి. నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. ఆగిపోవడమంటే రెండేళ్ళు. రోజూ అదే గోడ, రోజూ అదే చోట భుజం బిగుసుకొని, ముంజేయి రాయిలా అయి, పిక్ తీగలో చిక్కుకునేది. నాయన తుండుగుడ్డ గుర్తొచ్చిన రోజు, దరఖాస్తు కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి ఇంటికి పోయింది. నూట ఇరవై కాదు, నూట యాభై పెట్టింది. వాయించలేనని తెలుసు. వాయించింది, చెత్తగా, సగం స్వరాలు ఎగిరిపోతూ, రెండు నిమిషాలు. తర్వాత ముల్లు నూట ఇరవైకి దించింది. బండి ఊళ్ళోకి దిగింది. స్వరానికీ స్వరానికీ మధ్య చోటు కనపడింది, వేలు పెట్టి నింపాదిగా ఊపిరి తీసుకునేంత చోటు. నిన్న ఊపిరి ఆడని చోటే అది. చెయ్యి మారలేదు, లోపల కొలత మారింది. ఆ సాయంత్రం వంటింట్లో ఒంటరిగా నవ్వుకుంది. రాజ్ కుమార్ వచ్చి "ఏంది" అంటే ఏం చెప్పాలో తెలియక "లారీ" అంది.

టిక టిక టిక టిక. బండల మీద ఎండ జానెడు జరిగింది. దొడ్లో విజయ బట్టలు దులుపుతోంది, ఒక దులుపు, ఇంకో దులుపు, ఆ మధ్య సందు ఎంతో ఫెబీ వేళ్ళు తమంతట తామే లెక్కగట్టాయి. డెబ్బై ఉంటుంది. రెండింతలు చేస్తే నూట నలభై. ఈ జబ్బు వచ్చి చాలా కాలమైంది, కుక్కర్ విజిలు, బస్సు వైపరు, పాస్టరుగారి ప్రార్థనలో ఆమెన్‌లు, అన్నిటికీ అంకెలే. రాజ్ కుమార్ అంటాడు, "నీ టిక్కుటిక్కు ఇనీ ఇనీ నా గుండె కూడా నూట నలభైకి పోయింది, డాక్టరు బిళ్ళలు రాసినాడు" అని.

గుండె. అదే కదా పోయినేడు ముంచింది. ఇంట్లో నూట ముప్పై దాకా వచ్చానన్న ధైర్యంతో గిద్దలూరు చర్చిలో కోతపండగ రోజు వాయిస్తానంది. నిలబడింది. లోపల గుండె కొట్టుకుంటోంది. సరిగ్గా ఇంట్లో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది, ఇంకా కొంచెం నిదానంగానే అనిపించింది, సాగదీస్తున్నానేమో అనుకొని ఒక చిటికె తోసింది. బిట్టు మూడో వరుసలో పిక్ చేతిలోంచి ఎగిరి బల్ల మీద పడింది. వంగి దాన్ని తీసుకొని వెనక వరుసలోకి పోయింది. ఇంటికొచ్చి రాజ్ కుమార్ ఫోన్లో తీసింది కొలిస్తే, నిదానం అనుకున్నది నూట యాభై ఆరు. భయపడ్డ మనిషికి లోకం నిదానంగా నడుస్తుంది. గుండె ఉరుకుతుంటే ఆ గుండె మీద కూర్చొని చూసేవాడికి మిగతావన్నీ వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. అప్పుడు ముల్లు ఏది. సభలో చెవిలో యాప్ పెట్టుకోలేం కదా. వారం రోజులు గిటారు ముట్టలేదు. నాయన మాట అక్కడితో చెల్లిపోయింది, మీటరు లేని బండికి ఆయన దగ్గర జవాబు లేదు.

జవాబు అమ్మ దగ్గర దొరికింది. అడగలేదు, అడిగితే నవ్వేది. అమ్మ యేసుమణి పత్తి ఏరడానికి పోయేది, కూలీ కిలోల లెక్కన. నలుగురైదుగురు ఆడవాళ్ళు సాలు పట్టుకొని ఉరుకులు పరుగుల మీద ఏరేవాళ్ళు, చీర కొంగులు ఎగురుతుండేవి. అమ్మ మాత్రం పెళ్ళికి పోతున్నట్టు పోయేది. సాయంత్రం కాటా దగ్గర అమ్మ మూటే బరువు. ఆ తర్వాతి పండక్కి పోయినప్పుడు ఫెబీ ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది, అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఒక్కో కాయను విడిగా చూడటం లేదు. చెయ్యి ఒక్కసారి పోయి నాలుగు కాయలతో వస్తోంది. లెక్క కాయలది కాదు, చేతి రాకపోకలది. ఐదు వందల అరవై అనుకుంటే పరుగు. నాలుగింటిని ఒక పిడికిలి చేసి నూట నలభై అనుకుంటే, నూట నలభై అంటే ఏంది, బస్సు దొరుకుతుందో లేదో అని బస్టాండుకు వేసే గబగబ నడక. అడుగుకొక తకధిమి. నోట్లో అనుకుంటే చాలు, తకధిమి తకధిమి, నాలుక మొద్దుది, దానికి గుండెతో పనిలేదు, పలకగలిగినంత వరకే స్పష్టంగా పలుకుతుంది, అది దాటితే తడబడి చెప్పేస్తుంది. తన ముల్లు తన నోట్లోనే ఉంది. మర్నాడు వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ, నోట్లో తకధిమి అంటూ, మెడలో గిటారుతో వాయించింది. పక్కింటి గోవిందమ్మత్త గోడ మీది నుంచి చూసి, "బిడ్డకు ఏమన్నా సోకిందేమో, చూపించుకోండి" అని రాజ్ కుమార్‌కు చెప్పింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు. నూట నలభై వచ్చిన రోజు అది వచ్చిందని తెలియలేదు. పండగలా వస్తుందనుకుంది, పదకొండేళ్ళప్పటి జలదరింపులా. ఏమీ కాలేదు. వాయించింది, అయిపోయింది, నడిచినట్టే ఉంది. యాప్ చెడిపోయిందనుకొని రాజ్ కుమార్ ఫోన్లో పెట్టి చూసింది. పిల్లవాడి ట్యాబ్‌లో పెట్టి చూసింది. మూడింట్లోనూ నూట నలభై. క్యాసెట్‌తో పాటు పెట్టి వాయిస్తే నీళ్ళూ నీళ్ళూ కలిసినట్టు కలిసిపోయింది. స్పీడు చేతికి అందిన రోజు కంటికి కనపడకుండా పోయింది. ఎదురుగా వచ్చే లారీ భయంకరంగా ఉంటుంది, పక్కన సమంగా పోయే లారీ నిలబడినట్టు ఉంటుంది. అంతే కదా.

లోపల మంచం కిర్రుమంది. దగ్గు. ఫెబీ చెయ్యి ఆగింది. నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది. చేతికర్ర నేల మీద ఆనిన చప్పుడు, ఒకటి, మళ్ళీ ఒకటి, ఆమె వేళ్ళు లెక్కపెట్టబోతే వద్దని ఆపుకుంది. మాస్టరు గడప దాటి వచ్చి, కళ్ళు చికిలించి చూశాడు. బాగా చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి.

"సుందరరాజు బిడ్డవి కదా. మధుసూదన్ ఫోన్ చేసినాడు. ఆ బిట్టు వాయిస్తావంట."

"అవును మాస్టారూ."

"వాయించు" అని కుర్చీలో కూర్చొని కళ్ళు మూసుకున్నాడు.

గుండె అప్పుడే లేచింది, డబడబమని, నూట యాభైకి తక్కువ లేదు, దాని మాట వినలేదు ఆమె. కొట్టుకోనీ. నోట్లో తకధిమి, ఒకసారి, రెండుసార్లు, నాలుక తడబడలేదు, అది నిదానమని లోపలెవరో అంటున్నారు, సాగుతోంది తొయ్యి తొయ్యి అంటున్నారు, వినలేదు, బస్టాండుకు నడక, అంతకు మించి ఒక్క అడుగు లేదు, మూడోసారికి చెయ్యి కదిలింది. కింది స్వరం, నాలుగు, నాలుగు, నాలుగు, అమ్మ చెయ్యి సాలులోకి పోయి వస్తోంది పోయి వస్తోంది, భుజం వదులుగా ఉంది, మణికట్టు తలుపు బందులా అటూ ఇటూ, మూడో వరుస వచ్చింది, పోయినేడు ఇక్కడే, అనుకునేలోపల అది వెనకబడింది, పక్క ఫ్యాక్టరీ రంపం గొంతు మార్చింది, విజయ బట్టలతో గుమ్మంలో నిలబడిపోయింది, అన్నీ కనపడుతున్నాయి, అన్నిటికీ తీరిక ఉంది, పై మెట్టు, ఆ పైది, చివరి దెబ్బ.

మాస్టరు కళ్ళు తెరవలేదు. "మళ్ళా" అన్నాడు.

మళ్ళీ వాయించింది. ఈసారి కళ్ళు తెరిచి ఆమె కుడిచేతినే చూశాడు.

"ఇంత స్పీడు ఎవరు నేర్పినారు నీకు?"

"మీరే మాస్టారూ. మీ క్యాసెట్ ఇని నేర్చుకున్నా. అప్పటి సభలది."

"నేనెప్పుడు వాయించినా ఇంత స్పీడు?" ఆయన గొంతులో వేళాకోళం లేదు. "అది సరే, మెట్టు మీద ఆ బిళ్ళేంది?"

"కేపో. మీరు రెండో మెట్టు మీద పెట్టి వాయించినారు కదా. క్యాసెట్లో శ్రుతి అక్కడే ఉంది."

"నేను జన్మలో కేపో పెట్టలేదమ్మా. 'E' మైనర్ శ్రుతిలో వాయించినా, ఉట్టి తీగల మీద." చేతికర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు. "ఆ పొద్దు కరెంటు పోయింది. జనరేటరు మైకులకే సరిపోలేదు. టేపురికార్డరును బ్యాటరీల మీద నడిపినారు, ఆ బ్యాటరీలు పొద్దున్నించీ వాడి వాడి చచ్చినవి. చచ్చిన బ్యాటరీ మీద టేపు నిదానంగా తిరుగుద్ది. నిదానంగా ఎక్కిన దాన్ని మంచి మిషన్లో వేస్తే ఏమైద్ది?"

ఫెబీ కేపో వైపు చూసింది. ఏమైద్ది. ఉరుకుద్ది. స్పీడూ పెరుగుద్ది, శ్రుతీ పైకి పోద్ది, రెండూ కలిసే పోతాయి. రెండు ఫోన్లనూ ట్యాబ్‌నూ అనుమానించింది, యాప్‌ను అనుమానించింది, తన చేతినీ చెవినీ గుండెనూ అనుమానించింది, ముల్లును మాత్రం, ఆ ఒక్క క్యాసెట్‌ను మాత్రం, ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు అనుమానించలేదు. ఫోన్ తీసింది. పాటను నిదానం చేసే యాప్‌లో శ్రుతి మారకుండా పట్టే మీట ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ మీట వేసే సాధన చేసింది. దాన్ని తీసేసింది. వేగం గీతను వెనక్కి జరిపింది, తొంభై ఐదు శాతం, తొంభై రెండు, కేపో ఊడదీసి ఉట్టి తీగ మీటుతూ పోల్చుకుంటూ, ఎనభై తొమ్మిది దగ్గర తీగా పాటా ఒక్కటయ్యాయి. యాప్ అడుగున అంకె చూసింది. నూట ఇరవై ఐదు.

ఫోన్ బండ మీద పెట్టి మొదటి నుంచి మోగించింది. నిమ్మళంగా, గట్టిగా, ఒక్కో స్వరం కుదురుగా కూర్చుంటూ గిటారు మెట్లెక్కింది. మాస్టరు వంకర చూపుడువేలు తొడ మీద కదిలింది, సరిగ్గా ఆ అడుగుల మీదనే, ఒక్కటీ తప్పకుండా. "ఇదీ నేను" అన్నాడు. చివరి దెబ్బ పడింది. పాట ఎత్తుకునే గొంతు వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరో సన్నగొంతు ఆడపిల్ల పాడిందనే అనుకుంది ఫెబీ. ఆడపిల్ల కాదు. నడివయసు ఆడమనిషి, నిండైన, కొంచెం జీర ఉన్న గొంతు.

మాస్టరు కుర్చీ చేతులు పట్టుకొని ముందుకు వంగాడు. విజయ బట్టలు అక్కడే వదిలేసి వచ్చి ఫోన్ పక్కన కూలబడింది. "అత్త" అంది, "మామా, అత్త గొంతు." మాస్టరు భార్య సలోమమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆ క్యాసెట్ ఈ ఇంట్లోనూ ఉంది, పెట్టుకొని వినేవాళ్ళు కాదు, విన్నా ఆమె అని అనిపించేది కాదు, మనసులో ఉన్న గొంతే చెరిగిపోయిందేమో అనుకునేవాళ్ళు. ఫెబీకి లేచి పోవాలో కూర్చోవాలో తెలియలేదు, కూర్చుంది.

పాట అయిపోయినాక ఆయన పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది, ఏడుస్తున్నాడేమోనని భయపడింది ఫెబీ. నవ్వుతున్నాడు. "నేను ఉరికినా అనుకొని చచ్చిన బ్యాటరీ ఎంట పడినావు పాపా, ఇరవై ఏండ్లు. పడి, పట్టుకున్నావు. నా వల్ల అయ్యేది కాదు. వయసులో ఉన్నప్పుడు కూడా అయ్యేది కాదు." ఆమెకూ నవ్వొచ్చింది, కడుపులోంచి, ఆగకుండా, కళ్ళ నీళ్ళతో. ఏ మనిషీ పోని స్పీడు అది. పోలేదని తెలియక తను పోయింది. తెలిసి ఉంటే నూట ఇరవై ఐదు దగ్గర దిగిపోయి, ఊరొచ్చిందనుకొని, గిటారు గోడకు తగిలించేది. తెలియకపోవడం ఎంత మంచిదయింది.

"విజయా, ఆ మధుసూదన్‌కు ఫోన్ కలుపు" అన్నాడు మాస్టరు. కలిపి స్పీకరులో పెట్టింది. "మధూ, రేపు కీబోర్డులో ఆ బిట్టు తీసేయ్. మనిషి వాయిస్తది. సుందరరాజు బిడ్డ."

అవతల మధుసూదన్ సంతోషమే అన్నాడు, ఆపైన ఆగి, డ్రమ్ము వాయించే ఆయనకు ముందే చెప్పాలని, ఎంత స్పీడని అడిగాడు. మాస్టరు ఫోన్‌ను ఫెబీ వైపు జరిపాడు.

"నూట నలభై అన్నా" అంది.

"అట్లెట్లమ్మా. మేము కీబోర్డులో పెట్టింది నూట ఇరవై ఐదు కదా. మాస్టరు తాళం కొట్టి చూపిస్తే దాన్ని బట్టే పెట్టినాం."

ఫెబీ మాస్టరు వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

"అది మాస్టరుది. నాది నూట నలభై" అంది. "రాసుకో."